మాలకొండయ్య అడిగిన నీళ్ళు

నేను ఒక ఐసు డబ్బాని. ఈ మాట వినగానే పెళ్ళి పందిట్లో కూల్‌డ్రింకులు దాచే డబ్బా అనుకునేరు. అది కాదు. సర్కారువారి కాగితాల్లో నా పేరు వ్యాక్సిన్ క్యారియర్. జనం నోట్లో మాత్రం పోలియో డబ్బాని. నీలం రంగు ఒళ్ళు, తెల్ల మూత, భుజానికి తగిలించుకునే పట్టీ, లోపల నాలుగు పక్కలా నిలబెట్టే ఐస్ ప్యాకులు. ఆ ప్యాకులు అరచెయ్యంత ప్లాస్టిక్ బిళ్ళలు. వాటిలో నీళ్ళు పోసి, బిరడా బిగించి, గడ్డ కట్టిస్తారు. పెద్దవాళ్ళు ఆడపిల్లల్ని ‘నీ కడుపు చల్లగుండ’ అని దీవిస్తారు కదా, ఆ దీవెన ఈ భూమ్మీద నాకు ఫలించినట్టు ఇంకెవరికీ ఫలించలేదని చాలాకాలం మురిసిపోయాను.

ఎక్కడో ప్లాస్టిక్ కరిగించే కార్ఖానాలో అచ్చులోంచి ఊడిపడ్డాను. నాకు రెండు గోడలు. లోపలి గోడకీ బయటి గోడకీ మధ్య నురుగు నింపి గట్టిపరిచారు. ఆ నురుగే నా ప్రాణం. బయటి ఎండ లోపలికి రాకూడదు, లోపలి చలి బయటికి పోకూడదు. డబ్బాకి అందం చందం ఎలా ఉన్నా గోడ మంచిదైతే చాలు. మనుషులకి కూడా ఒంట్లో అలాంటి గోడలుంటాయని అప్పట్లో నాకు తెలియదు. పైకి నున్నగా, గుండ్రంగా కనిపిస్తారు కాబట్టి లోపలంతా ఒకటే అనుకునేదాన్ని.

నా మొదటి యజమానురాలు ఒంగోలు పక్క ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సు సుందరమ్మ. ఆవిడ భుజం మీద ఎన్ని పల్లెలు తిరిగానో. నన్ను చూడగానే పిల్లలు ఏడుపు లంకించుకునేవారు. నాలో ఉన్నది రెండు చుక్కల తియ్యటి మందు, అయినా సూదిమందు అన్నట్టే పారిపోయేవారు. తల్లులు ఇంకా ఘనులు. పిల్లాణ్ణి తలుపు వెనక దాచిపెట్టి, వాడు అమ్మమ్మ ఊరెళ్ళాడని చెప్పేవారు. తలుపు వెనకనుంచి అమ్మమ్మ ఊరెళ్ళినవాడి తుమ్ము వినిపించేది. సుందరమ్మ నవ్వుకుని, అమ్మమ్మ ఊళ్ళో బాగా పడిశం పట్టినట్టుందే అనేది.

ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. ఐస్ ప్యాకుల్ని ఫ్రిజ్‌లోంచి తీసీ తియ్యగానే నాలో పెట్టేది కాదు. మరీ గడ్డగా ఉంటే కొన్ని మందులు గడ్డకట్టి పాడవుతాయి. అందుకని బల్ల మీద పరిచి, వాటికి చెమట పట్టేదాకా ఆగేది. తర్వాత ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. లోపల కాసిని నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి. వస్తే సరే, లేకపోతే మళ్ళీ బల్ల మీదికే. పిల్లల డాక్టర్లు గుండె చప్పుడు వినే తీరుగా ఆవిడ నీళ్ళ చప్పుడు వినేది.

సుందరమ్మ రిటైరైంది. కొత్త డబ్బాలు వచ్చాయి. నన్ను జిల్లా కేంద్రంలో ఉన్న పెద్దాసుపత్రి స్టోరుకి పంపారు. మూలన పడి బల్లులకి కాపురం ఇస్తున్న రోజుల్లో డాక్టర్ హేమనళిని కంట్లో పడ్డాను. ఆవిడ ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్ళు వచ్చే వార్డులో పనిచేస్తుంది. నన్ను కడిగించి, తుడిపించి, రక్తం మోసే పనికి పెట్టింది.

ఆవిడ పట్టుకున్న సంగతి ఇది. కొందరు తుక్కుతుక్కుగా చితికిపోయి వస్తారు, అయినా బతికి బట్టకడతారు. కొందరు మాట్లాడుతూ వస్తారు, సాయంత్రానికి ఉండరు. ఎందుకని? మన రక్తనాళాల లోపలి గోడకి సన్నని పూత ఒకటి ఉంటుందట. అలికిన మట్టిగోడ మీద అలుకు ఉంటుందే, అలాగ. పేగుల లోపల కూడా అలాంటి అడ్డుగోడే ఉంది. లోపలి మలినం లోపలే ఉంచి, ఒంటికి కావలసింది మాత్రం రక్తంలోకి పంపుతుంది. పెద్ద దెబ్బ తగిలి ఒళ్ళంతా రక్తం తగ్గిపోయినప్పుడు, దెబ్బ ఎక్కడ తగిలినా సరే, ఈ గోడలు కూడా దెబ్బతింటాయి. జడివానకి అలుకు లేచిపోయినట్టు ఆ పూత రాలి, ముక్కలు రక్తంలో తేలతాయి. వాటిని కొలిస్తే లోపల గోడ ఎంతవరకు నిలిచి ఉందో చెప్పొచ్చునని హేమనళిని ఆలోచన. పైకి కనిపించని దానికి ఆనవాళ్ళు అవే.

ఆలోచన బంగారంలాంటిదే. పని మాత్రం నత్తనడక. రక్తం తీసిన గొట్టాన్ని నాలో పెట్టుకుని ల్యాబుకి వెళ్ళాలి. అక్కడ దాన్ని గిర్రున తిప్పి, పైన తేరిన పసుప్పచ్చని తేటని తీసి డీప్ ఫ్రీజర్‌లో దాస్తారు. కొలిచే ప్లేటు మీద బోలెడన్ని చిన్న చిన్న గుంటలుంటాయి. పరీక్షకి వాడే మందు ఒకసారి విప్పితే నిలవుండదు. కాబట్టి గుంటలన్నీ నిండేంత మంది దెబ్బలు తిని వచ్చేదాకా ఆగి, అప్పుడు అందరినీ ఒక్కసారే కొలుస్తారు. ఈలోపు బతికేవాళ్ళు బతుకుతారు, పోయేవాళ్ళు పోతారు. ఈ లెక్క వైద్యం కోసం కాదు, పరిశోధన అనే చదువు కోసం. చదువుకున్నవాళ్ళు ఎప్పుడూ గతాన్నే బాగా చెబుతారు.

నన్ను మోసే టెక్నీషియన్ పేరు ఇమ్మానుయేలు. మాట తక్కువ మనిషి. ఐస్ ప్యాకు చెవి దగ్గర ఊపే అలవాటు ఇతనికీ ఉంది. రక్తం గొట్టం మరీ గడ్డకి తగిలితే లోపలి కణాలు పగిలిపోయి కొలత తప్పుతుందట.

ఒకరోజు పొద్దున గ్రానైటు క్వారీ నుంచి మాలకొండయ్యని తెచ్చారు. నలభై ఏళ్ళ లోపు మనిషి. క్రేన్ గొలుసు జారి, రాతి దిమ్మె అతన్ని నడుం దగ్గర లారీకేసి నొక్కేసిందట. బయటికి చూస్తే పెద్ద గాయమేమీ లేదు. తొడ మీద తోలు గీరుకుపోయింది, అంతే. ఎముక విరిగి రక్తం లోపల్లోపలే కారుతోందని డాక్టర్లు అనుకున్నారు. అతను మాత్రం చక్కగా మాట్లాడుతున్నాడు. ఇమ్మానుయేలు సూది గుచ్చుతుంటే, ఆసుపత్రిలో రక్తం ఎక్కిస్తారని విన్నాను గానీ తీస్తారని వినలేదు సామీ అని నవ్వాడు. ఆ మొదటి గొట్టం నాలోకి వచ్చింది. గోరువెచ్చగా ఉంది.

అతని భార్య వెంగమ్మ పక్కనే నిలబడి ఉంది. క్వారీ దగ్గర కంకర కొట్టే మనిషి, చేతులు మొరటుగా ఉన్నాయి. హేమనళిని ఆమెకి రక్తం ఎందుకు తీస్తున్నదీ చెప్పి, ఒప్పుకున్నట్టు సంతకం చేయించుకుంది. ఫలితం వచ్చాక తప్పకుండా చెబుతామని మాట ఇచ్చింది. అందరికీ ఇచ్చే మాటే అది. ఫలితం కోసం మళ్ళీ వచ్చినవాళ్ళు అప్పటికి ఒక్కరూ లేరు.

ఆపరేషన్ గదిలో అంతకుముందు వచ్చిన కేసు నడుస్తోంది. అది అయ్యేదాకా మాలకొండయ్యకి రక్తం ఎక్కిస్తూ మంచం మీదే ఉంచారు. ఏ నిమిషాన పిలుపు వచ్చినా తీసుకెళ్ళాలి. కడుపులో నీళ్ళుంటే మత్తిచ్చినప్పుడు అవి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అది ప్రాణానికే ముప్పు. అందుకని చుక్క నీళ్ళు కూడా పొయ్యొద్దని డాక్టరు చెప్పాడు, నర్సు చెప్పింది, ఊడ్చే ఆమె కూడా చెప్పింది. ఆ మాట అబద్ధం కాదు. వాళ్ళ తప్పేమీ లేదు.

మధ్యాహ్నానికి అతనికి దప్పిక మొదలైంది. రక్తం పోయినవాళ్ళకి వచ్చే దప్పిక మామూలు దప్పిక కాదు. నోరు పిడచగట్టుకుపోయింది. నాలుక పెదవులకి అంటుకుంటోంది. మొదట మామూలుగా అడిగాడు. తర్వాత బతిమాలాడు. తర్వాత వెంగమ్మ పేరు పెట్టి ఒకటే మాట అడగసాగాడు. ఆమె ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పింది.

“ఆపరేషన్ అయినాక ఇస్తా. కుండడు ఇస్తా. అందాకా ఓర్చుకో.”

రెండో గొట్టం తీసే వేళకి ఇమ్మానుయేలు వచ్చి, నన్ను మంచం పక్క స్టూలు మీద పెట్టాడు. ప్యాకు ఒకటి తీసి చెవి దగ్గర ఊపాడు. లోపల నీళ్ళు కదిలాయి. ఆ చప్పుడు నేను ఎన్ని వేలసార్లు విన్నానో, ఎప్పుడూ పట్టించుకోలేదు. మాలకొండయ్య కళ్ళు తెరిచాడు.

ఇమ్మానుయేలు రక్తం తీసి, గొట్టాన్ని నాలో పెట్టి, పేరు రాసే కాగితం మర్చిపోయి తేవడానికి వెళ్ళాడు. అతను అటు వెళ్ళగానే మాలకొండయ్య చెయ్యి చాపి నా మూత మీద వేశాడు. చెయ్యి చల్లగా, జిగటగా ఉంది. నా లోపల కంటే ఆ చెయ్యే చల్లగా ఉందనిపించింది.

“వెంగమ్మా, దీంట్లో నీళ్ళుండాయి. చప్పుడు ఇన్నా. రొంత నోట్లో పొయ్యి.”

ఆమె నా మూత తీసింది. లోపలికి చూసింది. ప్యాకులు బిరడాలు బిగించి ఉన్నాయి, పైన చెమట పట్టి ఉన్నాయి. ఆమె వేలితో ఒక ప్యాకు మీద నీటి బొట్లని తుడిచింది. వేలి కొన మీద ఒక చుక్క నిలిచింది. ఆ వేలిని అతని నోటి దాకా తీసుకెళ్ళింది. అతను అప్పటికే నోరు తెరిచాడు. అంతలో వార్డు ఆ చివర నుంచి సిస్టర్ ఇటు తిరిగి చూసింది. చూసిందంతే. వెంగమ్మ ఆ వేలిని పైటకి తుడుచుకుని నా మూత పెట్టేసింది.

నాకు చేతులుంటే బాగుండునని జీవితంలో అనుకున్నది ఆ ఒక్కసారే. కడుపు నిండా చల్లదనం పెట్టుకుని, దాహంతో పోతున్న మనిషి పక్కన ఊరికే కూర్చున్నాను. కడుపు చల్లగుండ అన్న దీవెన నాకు ఆనాటితో చేదైపోయింది.

దీపాలు పెట్టే వేళకి ఆపరేషన్ గది ఖాళీ అయింది. స్ట్రెచర్ వచ్చేసరికి మాలకొండయ్య లేడు.

తర్వాతి సంగతులు నేను వరండాలో విన్నవే. చావు ఇంట్లో అత్తగారు శోకాలు పెడుతూ, గుక్కెడు నీళ్ళకి నోచుకోకపోతివే నా కొడకా, కట్టుకున్నది పక్కనుండి కూడా గొంతు తడపకపోయెనే అని ఏడ్చిందట. శోకంలో అన్న మాటకి అర్థాలు వెతక్కూడదంటారు. కానీ ఆ మాట ఊళ్ళో నిలిచిపోయింది. పోయేవాళ్ళ నోట్లో కాసిని నీళ్ళు పొయ్యడం శత్రువుకైనా చేస్తారు కదా. వెంగమ్మ ఎవరికీ బదులు చెప్పలేదు. రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్ళు తీసుకెళ్ళి అతన్ని పూడ్చిన చోట పోసి వస్తోంది. ఎండాకాలంలో మిగతా మట్టంతా నెర్రెలిచ్చినా అక్కడ మాత్రం గడ్డి పచ్చగా ఉందని వెంగమ్మే చెప్పింది.

చెప్పింది నాతో కాదు, ఆసుపత్రి వరండాలో పక్కన కూర్చున్నవాళ్ళతో. ఆమె ఫలితం కోసం ఆసుపత్రి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. వచ్చిన ప్రతిసారీ ఇంకా కాలేదమ్మా అనేవారు. ఒకసారి ఇమ్మానుయేలు నన్ను వరండా బల్ల మీద పెట్టి టీకి వెళ్ళాడు. నాకు అటువైపు వెంగమ్మ, ఇటువైపు కొడుకు కాలికి కట్టు కట్టించడానికి వచ్చిన ఒక పెద్దామె. ఆమె అడిగింది, పోయినాయనకి ఇంకా పరీక్షలేంటమ్మా, ఆ ఫలితం తెలిస్తే మాత్రం ఏం ఒరుగుతుందని. వెంగమ్మ చెప్పింది.

“నీళ్ళు పోసుంటే ఆ నీళ్ళకే పోయేవాడని డాక్టరమ్మ ఒక్క మాటంటే చాలు పెద్దమ్మా. పొయ్యకపోబట్టే బతికే దారి కాస్తన్నా మిగిలిందని చెప్తే చాలు. ఆ మాట కోసమే తిరగతన్నా.”

ఆ పెద్దామె ఆమె వీపు నిమిరింది. పక్కనే ఉన్న నాకు మాత్రం భయం పట్టుకుంది. అతని మొదటి గొట్టం మోసింది నేనే. గోరువెచ్చగా నాలోకి వచ్చిన ఆ రక్తంలో ఏముందో నాకు తెలియదు గానీ, ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో తెలుసు.

చివరికి ప్లేటు నిండింది. కొలతలు వచ్చాయి. చదువు పూర్తయింది కాబట్టి నాకూ పని తప్పింది. నన్ను హేమనళిని గదిలో ఒక మూల పెట్టి, నా మీద పాత ఫైళ్ళు పేర్చారు. ఆ గదిలోకి వెంగమ్మ వచ్చింది. మంచి చీర కట్టుకుని వచ్చింది. పెద్దవాళ్ళ దగ్గరికి మాట వినడానికి వచ్చినప్పుడు కట్టుకునే చీర. కూర్చోమంటే స్టూలు అంచు మీద కూర్చుంది. నన్ను చూసి గుర్తుపట్టింది. మళ్ళీ చూడలేదు.

హేమనళిని మంచి మనిషి. ఆ రోజు ఎందరో బయట ఎదురుచూస్తున్నా తలుపు వేయించి, ఈమెకి మట్టిగోడ సంగతి, అలుకు సంగతి ఓపిగ్గా చెప్పింది. ఆవిడకి వార్డులో చాలా ఏళ్ళ అనుభవం. పోయినవాళ్ళ తాలూకు మనుషులు ఎక్కువమంది శవాన్ని తీసుకెళ్ళే వేళ ఒకే భయంతో ఉంటారని ఆవిడకి తెలుసు. సిస్టర్ చూడకుండా ఒకరు కొబ్బరినీళ్ళు పోసి ఉంటారు, ఒకరు సోడా పట్టించి ఉంటారు. మనిషి పోయాక, మా చేతులతో మేమే చంపుకున్నామని కుమిలిపోతారు. అలాంటివాళ్ళకి చెప్పి చెప్పి ఆవిడ నోటికి ఒక ఓదార్పు అలవాటైపోయింది.

“వెంగమ్మా, నీ భర్త మా దగ్గరికి వచ్చేసరికే లోపలి గోడలన్నీ పాడైపోయి ఉన్నాయి. పొద్దున మొదట తీసిన రక్తంలోనే ఆ ముక్కలు విపరీతంగా కనిపించాయి. అన్ని కనిపించినవాళ్ళలో మాకు ఒక్కరూ దక్కలేదు. ఆపరేషన్ వెంటనే చేసినా నిలిచేవాడని నేను అనుకోను.”

వెంగమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది. తర్వాత మెల్లగా అడిగింది.

“అయితే నీళ్ళు పోసినా అంతేనా అమ్మా?”

హేమనళిని కుర్చీ ముందుకు జరుపుకుని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఏం చెప్పబోతోందో నాకు అర్థమైంది. నా మీద ఉన్న ఫైళ్ళన్నీ కిందపడేసైనా సరే ఆ మాటని ఆపాలనిపించింది. డబ్బాలు కదలవు.

“పోసినా అంతే, పొయ్యకపోయినా అంతే. పాపం దాహమని అడిగుంటాడు, నువ్వు కాసిని పోసుంటావు. అందువల్లే పోయాడని ఎవరేమన్నా నమ్మకు. ఆ నీళ్ళ వల్ల ఏమీ కాలేదు. ఆ బరువు మనసులోంచి దించేసుకో.”

“నేను పొయ్యలేదమ్మా.”

హేమనళిని చెయ్యి ఆమె చెయ్యి మీదే ఉండిపోయింది. వెంగమ్మ గొంతు పెంచలేదు, ఏడవలేదు.

“పొద్దు గూకేదాకా అడగతానే ఉన్నాడు. మీరందరూ వద్దన్నారని పొయ్యలేదు. బతుకుతాడని పొయ్యలేదు.”

డాక్టరమ్మ ఆమె చెయ్యి వదిలింది. క్షమించమంది. మేం వద్దన్నది మంచికే, మాకూ అప్పుడు తెలియదు అంది. అది నిజమే. వెంగమ్మ కూడా నిజమేనన్నట్టు తల ఊపింది. ఆ రోజే ఈ సంగతి తెలిసుంటే నాతో చెప్పేవారా అని అడిగింది. చెప్పేదాన్నేనని హేమనళిని అంది. కానీ ఆ రోజు తెలిసే దారి లేదని, ప్లేటు నిండాలని, ఇదంతా చదువు కోసమని, ముందుముందు ఇది మంచం దగ్గరే తేల్చే పరీక్ష అయితే ఎందరికో ముందుగా వైద్యం చెయ్యొచ్చని చెప్పింది.

వెంగమ్మ లేచి నిలబడింది. పైట సర్దుకుంది.

“తొందరగా చెప్పేట్టు చెయ్యండమ్మా. మీరు బతికించలేకపోయినా పర్లేదు. పోయేవాడని ముందే చెప్తే, నీళ్ళన్నా పోసుకుంటాం.”

దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ కూడా లేచి నిలబడింది. వచ్చినవాళ్ళ కోసం డాక్టర్లు లేచి నిలబడడం నేను ఎక్కడా చూడలేదు. తలుపు మూసుకున్నాక కూడా ఆవిడ అలాగే ఉంది. బయట ఎదురుచూస్తున్నవాళ్ళని లోపలికి పిలవడానికి బంట్రోతు రెండుసార్లు వచ్చి వెనక్కి పోయాడు.

ఆ చదువు మీద హేమనళిని ఒక వ్యాసం రాసిందని, పెద్ద పెద్ద వాళ్ళు మెచ్చుకున్నారని ఆ గదిలోనే విన్నాను. పరీక్ష త్వరగా తేలితే వైద్యం త్వరగా మొదలుపెట్టవచ్చని చివర్లో రాసిందట. నీళ్ళ సంగతి రాయడానికి అలాంటి వ్యాసాల్లో చోటుండదు కాబోలు. రాసిన రాత్రుళ్ళు ఆవిడ చాలాసేపు కలం పట్టుకుని ఊరికే కూర్చునేదని మాత్రం చెప్పగలను.

నా మూత బిగువు సడలింది, పట్టీ తెగింది. గోడలో పగులు వచ్చి నురుగు రాలడం మొదలైంది. పనికిరాదని కాగితం మీద రాసి, ఆసుపత్రి వెనక విరిగిన మంచాలు, తుప్పు పట్టిన స్టాండ్లు పోసిన చోట నన్ను పడేశారు. ఎండ నేరుగా లోపలికి వస్తోంది. దెబ్బలు తగిలినవాళ్ళ వార్డు కిటికీలు ఇటువైపే ఉన్నాయి. మంచం దగ్గరే తేల్చే పరీక్ష ఇంకా రాలేదని అటుగా వచ్చే స్వీపర్ల మాటల్లో తెలుస్తూ ఉంటుంది. మధ్యాహ్నం అయ్యేసరికి కిటికీలోంచి ఎవరో ఒకరు నీళ్ళు అడుగుతారు. ఆపరేషన్ అయినాక ఇస్తామని ఎవరో ఒకరు సముదాయిస్తారు. వాళ్ళలో చాలామంది ఆ సాయంత్రమో మర్నాడో నీళ్ళు తాగుతారు, ఇంటికి కూడా వెళతారు. మిగతావాళ్ళు ఎవరో ఇంకా ఎవరికీ తెలియదు.